బాయిలర్ ఫీడ్ పంపు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై చుట్టుపక్కల అంబత్తూరు, మణలి, గుమ్మిడిపూండి, శ్రీపెరుంబుదూరు వైపు బాయిలర్ హౌసుల్లో పనిచేసే తెలుగువాళ్లు, బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించే ఫీడ్ పంపు గురించి ఏటా అడిగే సందేహాలే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఇక్కడి లెక్కలు గంటకు 1 నుంచి 10 టన్నుల ఆవిరినిచ్చే, 10.54 లేదా 17.5 కేజీ (చదరపు సెంటీమీటరుకు) ప్రెషర్ ప్యాకేజీ బాయిలర్లకు సరిపోతాయి. ఏ ప్రశ్న కావాలంటే అది నేరుగా చదువుకోవచ్చు.

## కొనే ముందు

ఫీడ్ పంపుకీ మామూలు నీళ్ల పంపుకీ తేడా ఏంటి? రెండూ తోసేది నీళ్లే కదా?

నీళ్లే, కాకపోతే మరిగే అంచున ఉన్న నీళ్లు. పైగా వాటిని పది కేజీల ఒత్తిడి ఉన్న డ్రమ్ములోకి ఎక్కించాలి. ఒక్క ఇంపెల్లర్‌తో (తిరిగే రెక్కల చక్రం) అంత ఒత్తిడి రాదు కాబట్టి ఒకే షాఫ్ట్ మీద వరసగా చాలా ఇంపెల్లర్లు ఉంటాయి. మొదటి స్టేజీ (ఒక ఇంపెల్లర్, దాని డిఫ్యూజర్) నుంచి వచ్చిన నీళ్లను డిఫ్యూజర్ నెమ్మదింపజేసి రెండోదానికి అందిస్తుంది, అది మూడోదానికి. చిన్న వర్టికల్ పంపుల్లో ఒక్కో స్టేజీ సుమారు 6 నుంచి 12 మీటర్ల హెడ్ (నీళ్లను ఎంత ఎత్తుకు తోయగలదో ఆ కొలత) ఇస్తుంది. ఇంట్లో మోటారు ఆగితే స్నానం ఆలస్యమవుతుంది. ఇక్కడ ఆగితే కొద్ది నిమిషాల్లో ట్యూబులు నీళ్లు లేక ఎర్రబడతాయి. స్టాండ్‌బై పంపు ఉండాలని పట్టుబట్టేది అందుకే.

మాది 5 టన్నుల, 10.54 కేజీ బాయిలర్. ఎంత పంపు తీసుకోవాలి?

ముందు నీళ్ల లెక్క. ఆవిరి 5 టన్నులు, బ్లోడౌన్ (ఉప్పు పేరుకోకుండా బాయిలర్ నుంచి వదిలేసే నీళ్లు) 5 శాతం కలిపితే దాదాపు 5.25 టన్నులు. దానిపై 20 శాతం మార్జిన్ వేస్తే 6.3 టన్నులు. 85 డిగ్రీల నీళ్లు ఒక్కో ఘనమీటరు 968 కిలోలే తూగుతాయి కాబట్టి ఇది గంటకు 6.5 ఘనమీటర్లు అవుతుంది.

తర్వాత హెడ్. 10.54 కేజీ అంటే ఆ వేడి నీళ్లలో 109 మీటర్లు. సేఫ్టీ వాల్వ్ లేచిన క్షణంలో కూడా నీళ్లు లోపలికి వెళ్లాలి గనుక 3 శాతం కలిపితే 112. ఎకనమైజర్ (పొగ వేడితో ఫీడ్ నీళ్లను కాచేది), కంట్రోల్ వాల్వ్, ఎన్‌ఆర్‌వీ (నీళ్లను వెనక్కి రానివ్వని వాల్వ్), పైపులు కలిసి 1.5 కేజీ తింటాయనుకుంటే మరో 15 మీటర్లు. బాయిలర్ ఎత్తు 4 మీటర్లు. మొత్తం 131 దాకా వచ్చింది. కొంత మార్జిన్‌తో 140 మీటర్లు అనుకోండి. పంపు సామర్థ్యం 50 శాతమే అనుకున్నా షాఫ్ట్ మీద 4.8 కిలోవాట్లు పడుతుంది కాబట్టి 5.5 కిలోవాట్ మోటారు చాలు.

"ఎందుకైనా మంచిది" అని 10 ఘనమీటర్ల పంపు కొనేవాళ్లు ఎక్కువ. మంచిది కాదు. అది జీవితమంతా కర్వ్ (ఫ్లోకు, హెడ్‌కు గీసిన గ్రాఫ్) ఎడమ చివర ఊగుతూ, వేడెక్కుతూ, సీళ్లు (షాఫ్ట్ వెంట నీళ్లు కారకుండా ఆపేవి) తింటూ బతుకుతుంది.

అంబత్తూరు ప్లాంటులో నిశ్శబ్దంగా నడిచే అదే మోడల్ మా బెంగళూరు పీణ్య యూనిట్‌లో కంకర ఆడించినట్టు మోగుతోంది. పంపు లోపమా?

పంపుది కాదు, ఊరి ఎత్తుది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి 0.91 బార్ దగ్గర ఉంటుంది, చెన్నైలో 1.01. నీళ్లు అక్కడ 97 డిగ్రీలకే మరుగుతాయి. నీళ్లను పంపు కంట్లోకి (ఇంపెల్లర్ మధ్యనున్న నోరు) నెట్టేది ఆ గాలి ఒత్తిడే. అందులో నీటి ఆవిరి ఒత్తిడి పోగా మిగిలిందే మనకు దక్కే ఎన్‌పీఎస్‌హెచ్. అది పంపు అడిగినంత లేకపోతే నీళ్లు లోపలే ఆవిరి బుడగలై పగులుతాయి, దాన్నే క్యావిటేషన్ అంటారు, ఆ కంకర మోత అదే.

పైన తెరిచి ఉన్న ఫీడ్ ట్యాంకుకు, ఎత్తు కలపకుండా ఆ మిగులు ఇలా ఉంటుంది. 80 డిగ్రీల దగ్గర చెన్నైలో 5.6 మీటర్లు, బెంగళూరులో 4.6. 85 దగ్గర 4.6, 3.5. 90 దగ్గర 3.3, 2.2. 95 దగ్గర చెన్నైలో 1.8 మీటర్లు మిగిలితే బెంగళూరులో 0.7 మాత్రమే.

పంపుకు 2 మీటర్ల ఎన్‌పీఎస్‌హెచ్ కావాలి, 1 మీటరు మార్జిన్, సక్షన్ (పంపులోకి నీళ్లు వచ్చే) పైపు అరమీటరు తింటుంది అనుకుందాం. 90 డిగ్రీల నీళ్లకు చెన్నైలో ట్యాంకు నీటిమట్టం పంపు కంటే జానెడు పైన ఉన్నా నడిచిపోతుంది. బెంగళూరులో కనీసం 1.3 మీటర్లు ఉండాలి. 95 డిగ్రీలకైతే చెన్నైలో 1.7, బెంగళూరులో 2.8. ఈ ఎత్తును ట్యాంకు నిండా ఉన్నప్పుడు కొలవకండి, మేకప్ వాల్వ్ (తగ్గిన నీళ్లను ట్యాంకులోకి నింపేది) తెరుచుకునే అడుగు మట్టం నుంచి కొలవండి. కొత్త బాయిలర్ హౌస్ కడుతుంటే 3 మీటర్ల స్టాండ్ వేయించండి. తర్వాత ట్యాంకు లేపడం కంటే ఇప్పుడు నాలుగు ఐరన్ యాంగిళ్లు అదనంగా కొనడమే చవక.

ఫీడ్ నీళ్లు ఎంత వేడిగా ఉంటే అంత ఇంధనం ఆదా అంటారు. 95 డిగ్రీలకు పెట్టేయొచ్చా?

ఆదా నిజమే. వృథాగా పోయే వేడితో ఫీడ్ నీళ్లు ప్రతి 6 డిగ్రీలు పెరిగితే ఇంధనం దాదాపు 1 శాతం తగ్గుతుంది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కూడా పోతుంది. అయితే ట్యాంకు ఎత్తు, పంపు అడిగే ఎన్‌పీఎస్‌హెచ్ ఒప్పుకోవాలి. 85 డిగ్రీలు చాలామందికి క్షేమమైన చోటు. ఇంకో మాట: ట్యాంకు తనంతట తానే 95కు చేరుతుంటే సంతోషించకండి. ఎక్కడో స్టీమ్ ట్రాపులు (ఆవిరిని ఆపి నీళ్లను మాత్రమే వదిలేవి) పాసై, అంటే సరిగా మూసుకోక, నేరుగా ఆవిరి కండెన్సేట్ (ఆవిరి చల్లారి తిరిగొచ్చే నీళ్ల) లైనులోకి వస్తోందని అర్థం. అప్పుడు పంపు మోగుతుంది, అందరూ పంపును తిడతారు, ట్రాపుల జోలికి ఎవరూ పోరు.

డీఏరేటర్ (నీళ్లలో కరిగిన గాలిని ఆవిరితో తరిమే ట్యాంకు) 105 డిగ్రీల దగ్గర నడుస్తుంది. దాని కింద పంపు ఎలా బతుకుతోంది మరి?

ఎత్తు మీద మాత్రమే. డీఏరేటర్‌లో నీళ్లు సరిగ్గా మరిగే స్థితిలో ఉంటాయి. పైనున్న ఆవిరి ఒత్తిడి, నీటి ఆవిరి ఒత్తిడి రెండూ సమానమై రద్దవుతాయి. మిగిలేది నీటిమట్టం ఎత్తులోంచి పైపు నష్టం తీసేసినంత. డీఏరేటర్‌ను పై అంతస్తులో కూర్చోబెట్టేది అందం కోసం కాదు. డీఏరేటర్ ప్రెషర్ ఒక్కసారిగా పడిపోతే కిందికి దిగే పైపులోని నీళ్లు ఇంకా పాత వేడితోనే ఉంటాయి కాబట్టి పైపులోనే ఆవిరవుతాయి. అందుకే పెగ్గింగ్ స్టీమ్ (డీఏరేటర్ ప్రెషర్ నిలబెట్టే ఆవిరి) వాల్వ్‌ను చేత్తో ఠక్కున మూయకూడదు.

వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) పెడితే సగం కరెంటు మిగులుతుందని సేల్స్ వాళ్లు చెబుతున్నారు. నిజమేనా?

కూలింగ్ టవర్ పంపుకు చెప్పే లెక్కను ఇక్కడికి తెచ్చారు. వేగం ఘనం లెక్కన కరెంటు తగ్గేది, హెడ్ అంతా పైపు రాపిడిదే అయినప్పుడు. ఫీడ్ పంపు హెడ్‌లో అధిక భాగం బాయిలర్ ప్రెషర్‌దే, అది వేగంతో తగ్గదు. షటాఫ్ హెడ్ (నీళ్లు బయటికి పోకుండా మూసినప్పటి హెడ్) 165 మీటర్లు, బాయిలర్‌లోకి దూరడానికే 113 మీటర్లు కావాలంటే 41 హెర్ట్జ్ దగ్గర పంపు తిరుగుతూనే ఉంటుంది, ఒక్క చుక్కా లోపలికి పోదు. అంటే 50కీ 41కీ మధ్యనే ఆట అంతా. లెవెల్ నిలకడగా ఉండటం, మోటారు మెత్తగా మొదలవడం మంచి లాభాలే, వాటి కోసం పెట్టుకోవచ్చు. కనిష్ఠ హెర్ట్జ్‌ను డ్రైవ్‌లో లాక్ చేయడం మరిచిపోవద్దు.

పెద్ద థర్మల్ ప్లాంట్లకూ ఇవే లెక్కలా?

సూత్రం అదే, కొలతలు వేరు. అక్కడ బ్యారెల్ కేసింగ్, ముందు బూస్టర్ పంపు, మెగావాట్లలో మోటారు లేదా టర్బైన్ ఉంటాయి. మొదలుపెట్టే ముందు పంపును వేడి నీళ్లతో నెమ్మదిగా కాచాలి. పై భాగం, కింది భాగం వేడిలో తేడా ఉంటే కేసింగ్ వంగి లోపల రాసుకుంటుంది. తయారీదారు ఇచ్చిన తేడా పరిమితి దాటి స్టార్ట్ నొక్కకూడదు.

## బిగించేటప్పుడు

సక్షన్ పైపు పంపు మూతి సైజులోనే వేస్తే చాలదా?

చాలదు. సక్షన్‌లో నీటి వేగం సెకనుకు 1 మీటరు లోపే ఉంచండి. గంటకు 6.5 ఘనమీటర్లు 50 మిల్లీమీటర్ల పైపులో 0.9 మీటర్ల వేగంతో వెళ్తాయి, అంటే అంచు మీద ఉన్నట్టే. 65 వేస్తే 0.55కు దిగి నిశ్చింత. రెడ్యూసర్ ఎక్సెంట్రిక్‌దై ఉండాలి, చదును వైపు పైకి. తలకిందులుగా వేస్తే పైన గాలి బుడగ నిలిచి, నెలకోసారి కారణం తెలియకుండా పంపు ఎయిర్ లాక్ అవుతుంది. పంపు మూతికి ఆనించి ఎల్బో పెట్టకండి, పైపు సైజుకు అయిదు రెట్ల తిన్నని ముక్క వదలండి. పైపు బరువు పంపు మోయకూడదు. ఫ్లాంజ్ బోల్టులు విప్పగానే పైపు పక్కకు ఎగిరితే ఆ వంకర అంతా ఇన్నాళ్లూ పంపే మోసిందన్నమాట.

మినిమం ఫ్లో లైను (పంపులో ఎప్పుడూ కొంత నీళ్లు కదిలేలా ట్యాంకుకు తిప్పే పైపు) ఎందుకు? కంట్రోల్ వాల్వ్ మూసుకున్నా నీళ్లు లోపలే ఉంటాయిగా?

ఉంటాయి, ఉడుకుతాయి. డిశ్చార్జి (నీళ్లు బయటికి పోయే వైపు) మూసిన పంపు 2.5 కిలోవాట్లు తీసుకుంటోందనుకోండి, లోపల 5 లీటర్ల నీళ్లున్నాయనుకోండి. నిమిషానికి 7 డిగ్రీల చొప్పున వేడెక్కుతాయి. 85 డిగ్రీల నీళ్లు రెండు నిమిషాల్లో వంద చేరతాయి. ఆవిరి ముందు పుట్టేది ఒత్తిడి తక్కువున్న మొదటి స్టేజీలో, సీల్ దగ్గర. అక్కడ పొడి తగిలితే సీల్ పని అయిపోయినట్టే.

చిన్న పంపులకు రేటెడ్ ఫ్లోలో 10 నుంచి 20 శాతం ఎప్పుడూ కదలాలి. ఖచ్చితమైన అంకె తయారీదారు కర్వ్ మీద ఉంటుంది. ఆ నీళ్లు ఆరిఫిస్ (చిన్న రంధ్రమున్న బిళ్ల) గుండా ట్యాంకులోకే, నీటిమట్టం కింద పడాలి. పైపు మిగుల్చుకుందామని సక్షన్‌లోకి తిప్పితే అవే నీళ్లు తిరిగి తిరిగి కాగుతాయి. మోబ్రే స్విచ్‌తో (బాయిలర్ నీటిమట్టాన్ని బట్టి పనిచేసేది) ఆన్, ఆఫ్ అయ్యే పంపుకు ఈ లైను అంత అవసరం లేదు, ఎందుకంటే పని లేనప్పుడు ఆగిపోతుంది.

అలైన్‌మెంట్ చల్లగా ఉన్నప్పుడు సున్నాకు తెచ్చాం. వేడెక్కాక ఎందుకు వైబ్రేషన్ వస్తోంది?

పాదాల మీద నిలబడే హారిజాంటల్ పంపు వేడెక్కితే పెరుగుతుంది, పక్కన మోటారు అంత పెరగదు. షాఫ్ట్ మధ్యరేఖ 300 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండి ఆ ఇనుము 60 డిగ్రీలు వేడెక్కితే 0.2 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర మనం అనుమతించేది 0.05. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు మోటారునే ఆ మేరకు ఎత్తుగా ఉంచి, ఒక షిఫ్టు నడిపి, ఆపిన వెంటనే వేడి మీద మళ్లీ డయల్ గేజ్ పెట్టి చూడాలి. అంతకుముందు సాఫ్ట్ ఫుట్ చూడండి. ఒక్కో బోల్టు వదిలినప్పుడు పాదం 0.05 కంటే ఎక్కువ లేస్తే షిమ్ (పలచటి రేకు) పడాల్సిందే.

## మొదలుపెట్టేటప్పుడు

రిపేరు తర్వాత పంపు మొదటిసారి వేసేటప్పుడు ఏ వరసలో చేయాలి?

ట్యాంకు మట్టం, ఉష్ణోగ్రత చూడండి. సక్షన్ వాల్వ్ పూర్తిగా తెరవండి, సగం కాదు. స్ట్రెయినర్ శుభ్రం చేసినట్టు కళ్లతో చూసుకోండి. వెంట్ స్క్రూ వదిలి, చిటచిటలాడే గాలి పోయి నీళ్లు తీగలా ఆగకుండా వచ్చేదాకా ఆగండి. వర్టికల్ పంపులో మెకానికల్ సీల్ ఉండేది అన్నిటికంటే పైన, గాలి చేరేదీ అక్కడే. ఈ ఒక్క నిమిషం ఓపిక లేక పోయిన సీళ్లకు లెక్కలేదు. వేడి నీళ్లు ముఖాన చిమ్మకుండా పక్కన నిలబడి తిప్పండి.

షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూడండి, ఎక్కడా పట్టకూడదు. మినిమం ఫ్లో తెరిచి, డిశ్చార్జి వాల్వ్ కొద్దిగా మాత్రమే వదిలి స్టార్ట్ చేయండి. ప్రెషర్ ఎక్కగానే మెల్లగా తెరవండి. పది సెకన్లలో ప్రెషర్ రాకపోతే ఆపేయండి. "ఇంకాసేపు చూద్దాం" అనే మాట సీల్ ఖరీదంతా చేస్తుంది.

ఈబీ (కరెంటు బోర్డు) కరెంటులో బాగా నడిచే పంపు జనరేటర్ మీదకు మారగానే ప్రెషర్ ఇవ్వడం లేదు. ఏంటిది?

ఫేజులు తారుమారై ఉంటాయి. సెంట్రిఫ్యూగల్ పంపు తిరగబడి తిరిగినా కొంత నీళ్లు తోస్తుంది, అందుకే వెంటనే అనుమానం రాదు. కానీ బాయిలర్‌లోకి వెళ్లేంత ప్రెషర్ రాదు. మోటారు ఫ్యాన్ కవర్ మీది బాణం గుర్తు, ఫ్యాన్ తిరిగే దిశ ఆపిన క్షణంలో చూడండి. జనరేటర్ కేబుల్ విప్పి మళ్లీ కట్టిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలి. ప్యానెల్‌లో ఫేజ్ సీక్వెన్స్ రిలే పెడితే ఆ గొడవే ఉండదు.

బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు నింపుతుంటే మోటారు ట్రిప్ అవుతోంది. ప్రెషర్ వచ్చాక ఏ సమస్యా లేదు. ఎందుకని?

ఎదురు ఒత్తిడి లేక పంపు కర్వ్ కుడి చివరికి పరుగెత్తుతోంది. ఫ్లో పెరిగిన కొద్దీ ఆంప్స్ పెరుగుతాయి, పంపు అడిగే ఎన్‌పీఎస్‌హెచ్ కూడా పెరిగి మోత మొదలవుతుంది. డిశ్చార్జి వాల్వ్ నొక్కి, గేజ్ మీద రేటెడ్ హెడ్‌కు సరిపడా ప్రెషర్ నిలబెట్టి నింపండి. ఓవర్‌లోడ్ రిలే సెట్టింగ్ పెంచడం మందు కాదు, మోటారు కాల్చుకునే దారి.

## రోజూ నడిపేటప్పుడు

లాగ్ బుక్కులో ఏమేం రాయాలి?

సక్షన్ ప్రెషర్, డిశ్చార్జి ప్రెషర్, ఆంప్స్, ట్యాంకు ఉష్ణోగ్రత, బేరింగ్ ఉష్ణోగ్రత, గ్లాండ్ (షాఫ్ట్ చుట్టూ ప్యాకింగ్ తాడును నొక్కి పట్టే భాగం) లేదా సీల్ కారుతోందా లేదా. అయిదారు అంకెలు చాలు, నిజంగా చూసి రాసినవైతే. నెలంతా ఒకే ఇంకుతో ఒకే అంకె ఉన్న పుస్తకాన్ని ఇన్‌స్పెక్టర్ కూడా నమ్మడు. సక్షన్ వైపు గేజ్ లేని పంపులు చాలానే ఉన్నాయి. ఒకటి బిగించండి. రోగం ఎక్కువసార్లు అక్కడే మొదట కనిపిస్తుంది.

వైబ్రేషన్ సెకనుకు 2.8 మిల్లీమీటర్ల లోపు ఉంటే నడవనివ్వండి, 4.5 దాటితే కారణం వెతకండి, 7.1 దాకా రానివ్వొద్దు. అంకె కంటే పోకడ ముఖ్యం: కొత్తలో 1.2 ఉన్నది 2.4 అయితే ఇంకా "లోపే ఉంది" అని ఊరుకోకూడదు.

స్టాండ్‌బై పంపును ఎన్నాళ్లకోసారి మార్చాలి?

వారానికోసారి వేయండి. ఏళ్ల తరబడి నిలిచిన పంపులో బేరింగ్ బాల్స్ పక్కన నడిచే పంపు అదురుకు ఒకేచోట గుంటలు పెడతాయి, సీల్ ముఖాలు అతుక్కుంటాయి. అయితే రెండింటినీ సరిసమానంగా నడపకండి. రెండూ ఒకే వారంలో అరిగిపోయి కూర్చుంటాయి. ఒకటి మూడొంతులు, రెండోది ఒక వంతు నడిస్తే ఎప్పుడూ ఒకటి గట్టిగా ఉంటుంది.

గ్లాండ్ కారుతోంది, పూర్తిగా బిగించేయనా?

వద్దు. ప్యాకింగ్‌కు ఆ చుక్కలే నూనె, ఆ చుక్కలే చలువ. నిమిషానికి 40 నుంచి 60 చుక్కలు పడాలి. బిగించి ఆపేస్తే ప్యాకింగ్ మాడి గట్టిపడి స్లీవ్‌ను ఉలిలా గీస్తుంది, ఆ తర్వాత ఎంత బిగించినా కారుతుంది. కొత్త ప్యాకింగ్ వేసేటప్పుడు రింగులు 45 డిగ్రీల కోతతో కోసి, ఒకదాని అతుకు మీద ఇంకోదాని అతుకు రాకుండా తిప్పి పెట్టండి. పాతవి ఒక్కటీ లోపల వదలకండి. లాంటర్న్ రింగ్ (ప్యాకింగ్ మధ్యకు నీళ్లు అందించేది) నీళ్ల రంధ్రానికి ఎదురుగా కూర్చుందో లేదో చూడండి.

బేరింగుకు నెలనెలా గ్రీజు నిండా కొడుతున్నా వేడెక్కుతోంది. గ్రీజు మార్చాలా?

తగ్గించాలి. నిండా కొట్టిన గ్రీజును బాల్స్ చిలుకుతుంటాయి, ఆ చిలకడంతోనే వేడి. హౌసింగ్ ఖాళీలో మూడోవంతు నిండితే చాలు. ఆయిల్ బేరింగ్ అయితే కప్పులో రంగు చూడండి. సముద్రపు గాలికి, గ్లాండ్ నీళ్లకు నూనె మజ్జిగలా తెల్లబడితే మార్చేయండి.

వేసవిలో లారీ నీళ్లే గతి. పంపుకు ఏమవుతుంది?

ఒక లారీకీ ఇంకో లారీకీ కాఠిన్యం పొంతన ఉండదు. సాఫ్ట్‌నర్‌ను (నీళ్ల కాఠిన్యం తీసేది) "ఇన్ని గంటలకోసారి" అని రీజనరేట్ చేస్తే (ఉప్పునీళ్లతో దాని శక్తి తిరిగి తెస్తే) గట్టి నీళ్లు వచ్చిన రోజు తప్పించుకుపోతాయి. ప్రతి లారీకి పరీక్ష చేసి, సాఫ్ట్‌నర్ తర్వాత 5 పీపీఎం లోపు ఉంచండి. క్లోరైడ్‌ను సాఫ్ట్‌నర్ తీయదు. మీంజూరు వైపు భూగర్భంలోకి సముద్రపు నీళ్లు చొరబడ్డాయి కాబట్టి అటువైపు బోరు నీళ్లలో అది ఎక్కువ. వేడి నీళ్లలో క్లోరైడ్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలును సూదులతో పొడిచినట్టు గుంటలు చేస్తుంది, అలాంటి నీళ్లకు 316 తీసుకోవడమే మేలు. రీజనరేషన్ తర్వాత సరిగా కడగకపోతే ఉప్పునీళ్లే ఫీడ్ ట్యాంకులోకి వెళ్తాయి, ఇది జరిగేంత తరచుగా పట్టుబడదు.

కోయంబేడు, కొడుంగయ్యూరు ప్లాంట్ల నుంచి పరిశ్రమలకు వచ్చే శుద్ధిచేసిన ఆర్‌ఓ నీళ్లది మరో స్వభావం. ఉప్పు తక్కువే, కానీ పీహెచ్ నిలబెట్టే శక్తి కూడా తక్కువ. సరిచేయకుండా వాడితే కాస్ట్ ఐరన్ ఇంపెల్లర్‌ను చప్పుడు లేకుండా పలచన చేస్తుంది. ఫీడ్ నీళ్ల పీహెచ్ 8.5, 9.5 మధ్య ఉంచండి. ఆక్సిజన్‌కు సోడియం సల్ఫైట్ వాడేవాళ్లు ఒక భాగం ఆక్సిజన్‌కు దాదాపు ఎనిమిది భాగాల లెక్కన, కొంత మిగులుతో డోసింగ్ పెట్టాలి. ముందు ట్యాంకు వేడి పెంచితే మందు ఖర్చు తగ్గుతుంది.

## తేడా వచ్చినప్పుడు

పంపు తిరుగుతోంది, నీళ్లు ఎక్కడం లేదు. ముందు ఏం చూడాలి?

తమిళ ఆపరేటర్ "తణ్ణి ఏరల" అన్నా, మనవాడు "నీళ్లు ఎక్కడం లేదు" అన్నా అందులో రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోయి ఉంటాయి. డిశ్చార్జి గేజ్ చూస్తే విడిపోతాయి.

ప్రెషర్ నిండుగా ఉండి, ఆంప్స్ తక్కువగా ఉండి నీళ్లు వెళ్లకపోతే దారి మూసుకుంది: కంట్రోల్ వాల్వ్, ఇరుక్కున్న ఎన్‌ఆర్‌వీ, మరిచిపోయిన స్టాప్ వాల్వ్. పంపును విప్పొద్దు.

ప్రెషరే రాకపోతే సక్షన్ వైపు వెళ్లండి. ముల్లు వణుకుతూ, మోత ఉంటే గాలి లేదా ఆవిరి: ట్యాంకు మట్టం, వేడి, స్ట్రెయినర్ చూడండి. ముల్లు నిలకడగా తక్కువ చూపిస్తూ మోత లేకపోతే తిరిగే దిశ, మినిమం ఫ్లో వాల్వ్ పాసవడం, కప్లింగ్ జారడం, చివరగా లోపలి అరుగుదల. ట్యాంకులో చల్లని మేకప్ నీళ్లు కొద్దిగా వదలగానే పంపు పట్టుకుంటే కారణం దొరికినట్టే, అది వేడి.

మెకానికల్ సీల్ రెండు నెలలకే పోతోంది. మంచి కంపెనీది వేసినా అంతే. ఏం చేయాలి?

పాత సీల్ పారేయకుండా వెలుతురులో పెట్టి చూడండి, అదే చెబుతుంది. గట్టి ముఖం మీద మధ్య నుంచి బయటికి వెంట్రుకల్లాంటి పగుళ్లు, నల్లటి మాడు ఉంటే పొడిగా తిరిగింది: వెంట్ చేయలేదు, లేదా ట్యాంకు ఖాళీ అయింది. కార్బన్ ముఖం మీద గ్రామఫోన్ రికార్డులా గీతలుంటే చెత్త లేదా రసాయనం గడ్డకట్టిన రేణువులు. స్ప్రింగు దగ్గర తెల్లటి పొక్కు ఉంటే కాఠిన్యం తప్పించుకొస్తోంది. ఓ రింగ్ ఉబ్బి లేదా గట్టిపడి విరుగుతుంటే రబ్బరు తప్పు. వేడి నీళ్లకు ఈపీడీఎం సరైనది. ఖరీదెక్కువని వైటాన్ వేస్తే అది ఆవిరికి ఓర్చుకోదు. ఈపీడీఎంకు మామూలు గ్రీజు, నూనె తగలకూడదు, బిగించేటప్పుడు సబ్బు నీళ్లు వాడండి.

ఆపి ఉన్న స్టాండ్‌బై పంపు బాడీ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ప్రమాదమా?

అవును. దాని ఎన్‌ఆర్‌వీ పాసవుతోంది, బాయిలర్ నీళ్లు వెనక్కి వస్తున్నాయి. పంపు వెనక్కి తిరుగుతున్నా తిరగొచ్చు. ఆ స్థితిలో స్టార్ట్ నొక్కితే షాఫ్ట్ మెలిపడుతుంది. డిశ్చార్జి వాల్వ్ మూసి, ఎన్‌ఆర్‌వీ విప్పి సీటు, డిస్కు చూడండి. బాయిలర్ దగ్గర ఒకటి, పంపు దగ్గర ఒకటి ఎన్‌ఆర్‌వీ ఉంటే ఒకటి మొండికేసినా రెండోది ఆపుతుంది.

రాత్రి బాయిలర్ ఆపి వెళ్తాం. పొద్దున వస్తే గేజ్ గ్లాస్ నిండా నీళ్లు. పంపు ఆఫ్‌లోనే ఉంది, ఎలా నిండింది?

బాయిలర్ చల్లారి లోపలి ఆవిరి నీరైపోతే వాక్యూమ్ పుడుతుంది. అది ఫీడ్ ట్యాంకు నుంచి, ఆగి ఉన్న పంపు గుండానే నీళ్లు లాగేస్తుంది. ఎన్‌ఆర్‌వీ అటువైపు వెళ్లేవాటిని ఆపదు కదా. ఆపి వెళ్లేటప్పుడు ఫీడ్ స్టాప్ వాల్వ్ మూయండి, వాక్యూమ్ బ్రేకర్ బిగిస్తే ఇంకా మంచిది.

గేజ్ గ్లాసులో నీళ్లు కనపడటం లేదు. వెంటనే పంపు వేసి నింపేయనా?

నింపకండి. ముందు మంట ఆపండి: బర్నర్ ఆఫ్, కట్టెల బాయిలరైతే ఇంధనం, ఎఫ్‌డీ ఫ్యాన్ (మంటకు గాలి ఊదేది) ఆఫ్. తర్వాత గేజ్ కాక్‌లు తిప్పి గ్లాస్ ఖాళీయా, నిండిపోయి గీత కనపడటం లేదా తేల్చుకోండి. ఖాళీ అని తేలినా, ఏ సంగతీ తేలకపోయినా ఎర్రబడ్డ ట్యూబుల మీద నీళ్లు పోయడం బాయిలర్ పేలుడుకు తలుపు తీయడమే. సేఫ్టీ వాల్వ్ లేపొద్దు, స్టీమ్ వాల్వ్‌ను ఠక్కున తిప్పొద్దు. దానంతట అది చల్లారనివ్వండి, అర్హత ఉన్నవాళ్లు లోపల చూసేదాకా మళ్లీ వెలిగించకండి. మోబ్రే రెండో లో లెవెల్ మంటను నిజంగా ట్రిప్ చేస్తోందో లేదో ప్రతి షిఫ్టులో బ్లోడౌన్ చేసి చూసుకుంటే ఈ పరిస్థితి దాదాపు రాదు. ట్రిప్ బైపాస్ చేసే చిన్న వైరు ముక్క మీ ప్యానెల్‌లో కనిపిస్తే ఈ క్షణమే పీకేయండి.

వరదకు మోటారు మునిగింది. ఆరాక వేసేయొచ్చా?

2015 డిసెంబరులో, మళ్లీ 2023లో మిచౌంగ్ తుఫానుకు చాలా షెడ్లలో వచ్చిన ప్రశ్నే ఇది. పైకి ఆరినట్టున్నా వైండింగ్‌లో తేమ ఉంటుంది. విప్పి, మంచినీళ్లతో బురద కడిగి, 80 డిగ్రీలు దాటకుండా ఓవెన్‌లో ఆరబెట్టి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ చూసే మీటరు) కొలవండి. 1 మెగోమ్ దాటకపోతే కనెక్షన్ ఇవ్వకూడదు, అయిదు దాటేదాకా ఆరబెడితే మేలు. బేరింగులు కడిగి వాడొద్దు, కొత్తవి వేయండి. పంపు బేస్ నేలకంటే ఎత్తులో కట్టుకునే అవకాశం ఉంటే ఈ ఖర్చే ఆ పని చేయిస్తుంది.

## విప్పినప్పుడు

ఇంపెల్లర్ మీద గుంటలున్నాయి. తుప్పా, క్యావిటేషనా?

మొదటి ఇంపెల్లర్‌లో, రెక్కల మొదట్లో మాత్రమే, చెదలు తిన్న చెక్కలా గరుకుగా ఉంటే క్యావిటేషన్. అన్ని స్టేజీల్లో ఒకే తీరున, నునుపుగా పలచబడి ఉంటే నీళ్ల రసాయనం. మొదటిదానికి కొత్త ఇంపెల్లర్ వేసి ఊరుకుంటే ఆర్నెల్లలో మళ్లీ అదే బొమ్మ చూస్తారు. ట్యాంకు ఎత్తో, వేడో, స్ట్రెయినరో మార్చాలి.

వేర్ రింగులు (ఇంపెల్లర్ చుట్టూ నీళ్లు వెనక్కి జారకుండా ఆపేవి) ఎప్పుడు మార్చాలి?

కొత్తలో ఉన్న క్లియరెన్స్ (సందు) రెట్టింపయితే. ఆ అంకె ముందే రాసిపెట్టుకోకపోతే రెట్టింపును దేనితో పోలుస్తారు? కొత్త పంపు వచ్చిన రోజే మాన్యువల్‌లోంచి రాసుకోండి. విప్పకుండా తెలుసుకోవాలంటే డిశ్చార్జి మూసి కొన్ని సెకన్లు మాత్రం షటాఫ్ ప్రెషర్ చూసి, కొత్తలో తీసిన అంకెతో పోల్చండి.

బ్యాలెన్స్ లైన్ ఏంటి? దానికి వాల్వ్ పెట్టుకోవచ్చా?

పెట్టకండి. ఇంపెల్లర్లన్నీ ఒకే వైపు ముఖం పెట్టి ఉండటంతో షాఫ్ట్‌ను సక్షన్ వైపు నెడుతుంటాయి. పెద్ద హారిజాంటల్ పంపుల్లో చివర ఉండే బ్యాలెన్స్ డిస్కో డ్రమ్మో ఆ తోపుకు ఎదురు నిలుస్తుంది. దాని వెనక కారిన నీళ్లు బ్యాలెన్స్ లైన్‌లో సక్షన్‌కు తిరిగి వెళ్తాయి. ఆ లైనులో ప్రెషర్ సక్షన్ కంటే కొద్దిగానే ఎక్కువ ఉండాలి. నెలనెలా పెరుగుతుంటే డిస్క్ లేదా డ్రమ్ అరుగుతోంది. లైను మూసుకుంటే తోపంతా థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది, అది గంటలు కూడా ఆగదు.

స్టోరులో ఏ స్పేర్లు ఉంచాలి?

ఒక మెకానికల్ సీల్ కిట్ ఓ రింగులతో సహా, పంపు, మోటారు బేరింగులు ఒక్కో సెట్, కప్లింగ్ స్పైడర్ రబ్బరు, ఎన్‌ఆర్‌వీ ఒకటి, స్ట్రెయినర్ జాలీ రెండు, ప్రెషర్ గేజ్ ఒకటి. స్టేజీల పూర్తి సెట్ ఏడాది ఇన్‌స్పెక్షన్‌కు బాయిలర్ ఆపే నెలకు రెండు నెలల ముందు ఆర్డర్ పెడితే చాలు. రబ్బరు వస్తువుల మీద తేదీ రాయండి, చెన్నై ఎండకు రేకుల షెడ్డు స్టోరులో అవి వాడకుండానే గట్టిపడతాయి.